బొమ్మ పొట్టకు విస్తరి

మా ఆయన పోయాక భద్రాచలంలో అడ్డాకులతో విస్తర్లు కుట్టి అమ్ముతూ బిడ్డ నాగమణిని హైస్కూల్లో చదివిస్తున్నాను. దాని స్నేహితురాలు జయ సినిమా పోస్టర్లోని హీరోయిన్ బొమ్మకున్న పిడికెడు నడుము తనకూ కావాలని అన్నం మానేసి, బడిలో కళ్లు తిరిగి పడింది.

రెండు రోజులకు సినిమాహాలు మేనేజరు చిరిగిన విస్తరి పట్టుకుని మా ఇంటి మీదికొచ్చాడు. విస్తరి కుట్టేటప్పుడు నాలా పుల్ల ఏటవాలుగా గుచ్చేవాళ్లు మా బజారులో లేరు.

"ఈ కుట్టు నీదే. మా పోస్టర్ల బొమ్మ నడుముకు గివి ఎవరు అంటించిన్రు? పోలీసులకు పట్టిస్త!"

విస్తరి అందుకుని చూశాను, కుట్టు నాదే.

"మా క్లాసు పిల్లలం సార్" అంది నాగమణి. "బొమ్మకు పొట్ట పెట్టినం. గా నడుము కోసమే మా జయ తిండి మానింది."

ఆయన దాని చెయ్యి పట్టి గుంజాడు. నేను అడ్డం పడ్డాను. "కుట్టింది నేను. నన్ను తీస్కపో సారూ!"

అంతలో జయ తూలుతూ వాకిట్లోకి వచ్చింది. "పెద్దమ్మా, ఆ బొమ్మను చూసొచ్చిన. నిండు నెలల మనిషి లెక్కున్నది!" అని పకపకా నవ్వింది. "ఆకలైతుంది. జర బువ్వ పెట్టు."

పుల్లల్లాంటి జయ చేతులు చూసి మేనేజరు నాగమణిని వదిలేశాడు. "మళ్లీ నా పోస్టర్లు ముట్టొద్దు" అంటూ వెళ్లిపోయాడు.

జయ విస్తరి ఖాళీ చేసేదాకా పక్కనే కూర్చుని వడ్డించాను. ఇప్పటికీ గోడ మీద సన్న నడుము బొమ్మ కనబడితే, ఈ బొమ్మలోని పిల్ల అన్నం తిన్నదో లేదో అనుకుంటాను.