ఓబులమ్మకు పడని చెనిక్కాయ

1956వ సంవత్సరం. మద్రాసులో వైద్యవిద్య ముగించి నంద్యాలలో సొంత వైద్యశాల నడుపుతున్న రోజులవి. చేతులు కడుక్కోకుండా నా గదిలో అడుగుపెట్టినవారిని, వారెంతటివారైనా సరే, వెనక్కి పంపేదాన్ని. దీనివల్ల నాకు కోపిష్ఠి అన్న పేరు వచ్చింది. ఆ పేరుకు నేనెన్నడూ విచారించలేదు.

ఆ ఏడు వేసవిలో ఆళ్లగడ్డ రైతు సుబ్బారెడ్డి తన ఐదేళ్ల కూతురు ఓబులమ్మను భుజాన వేసుకొని, బస్టాండు నుంచి పరుగున వచ్చాడు. పిల్ల ముఖమంతా ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. ఊపిరి ఈల వేస్తోంది. ఆనాడు మాత్రం చేతులు కడుక్కోమని అనలేదు. వెంటనే అడ్రినలిన్ సూది వేశాను. గొంతులోని వాపును దించి ఊపిరి ఆడనిచ్చే మందు అది. పిల్ల తేరుకొని ఏడ్చిన తరువాతే తండ్రిని ప్రశ్నించాను.

"ఏం తినింది?"

"ఏమీ ల్యా డాక్టరమ్మా. ఏడుస్తాందని ఒక చెనిక్కాయల ఉండ కొనిచ్చినా. ముందర గూడా దద్దుర్లొస్తాండె. గాలి సోకిందని మా యమ్మ తాయెత్తు కట్టిచ్చింది."

మంచి ఆహారాన్నే శరీరం శత్రువుగా పొరబడి తిరగబడడాన్ని ఎలర్జీ అంటారు. వేరుశనగను ఆ ప్రాంతంలో చెనిక్కాయ అంటారు. ఆ ఇంటి పొలంలో పండే పంట అదే. ఆ ఇంటి పిల్లకు విషమూ అదే. దీనికి మందు లేదని, నోటికి దూరంగా ఉంచడమే మార్గమని చెప్పాను. కాయలతో పాటు వాటి గానుగ నూనెనూ మాన్పించి, నువ్వుల నూనె వాడమన్నాను.

వారు మాట తప్పలేదు. అయినా అప్పుడప్పుడు పిల్ల పెదవులు వాచేవి, ఒళ్లు దద్దుర్లెక్కేది. తల్లి రామలక్ష్మి బెదిరిపోయి పిల్లను గడప దాటనివ్వలేదు, బడిలో వేయలేదు. నంద్యాలలో తన సొంత తమ్ముడి పెండ్లికి కూడా పోనని కూర్చుంది. "ఆడ ఎవురేం పెడతారో! ఈసారి పిల్ల దక్కదు" అని కబురు పంపింది. ఆజ్ఞ పాటించినా ఫలితం రాలేదంటే, అది ఎక్కడో చెడుతోందన్నమాట. నేనే ఆళ్లగడ్డ బస్సెక్కాను.

సుబ్బారెడ్డి తల్లి చెన్నమ్మ నాకంటే కఠినురాలు. "మగోళ్లకు ఊరుబిండి లేకుంటే సంగటి దిగదు. వాళ్లకు చెనిక్కాయలేసి నూరతాం. పిల్లకు వేరే నూరతాం. ఇంకేం చేయమంటావు?" అని నిలదీసింది. ఊరుబిండి అంటే అక్కడ సంగటిలోకి రోట్లో నూరే పచ్చడి.

"వాపు ఏ రోజుల్లో వస్తోంది?"

రామలక్ష్మి ఆలోచించింది. "ఏ పొద్దన్నా వస్తాది. శనివారం మాత్రం ఎప్పుడూ రాల్యా."

"యాడ వస్తాది?" అంది చెన్నమ్మ. "అది మా నరసింహసామి దినం. గాలి దగ్గరికి రాదు."

ఆ శనివారం ఎలా గడుస్తుందో చూపమన్నాను. ఆనాడు చెన్నమ్మ తలస్నానం చేసి, ఆరేసిన చీర కట్టి, ఎవరినీ తాకకుండా మడితో వండుతుంది. అటక మీది వేరే గిన్నెలు దించుతుంది. మిరియాలు చిన్న కల్వంలో దంచుకుంటుంది. వెల్లుల్లి తగిలిన పెద్ద రోలును ముట్టదు.

నేను ఆ పెద్ద రోలు దగ్గరకు వెళ్లి వేలితో గీకాను. రాతి గుంటల్లో చెనిక్కాయ ముద్ద జిడ్డుగా అంటుకొని ఉంది. కడిగితే రుచి పోతుందని రోలును కడగరు. గుప్పెడు అన్నంతో తుడిచి, ఆ ముద్ద పిల్లలకు పెడతారు. ఓబులమ్మకు ఆ ముద్ద మానేశారు కాని, ఆ పిల్లకు వేరే కారం నూరిందీ ఆ రోట్లోనే.

"స్వామి మహిమను నేను కాదనను. శనివారం పాటించేదే రోజూ పాటించండి. పిల్లకు వేరే రోలు, వేరే గిన్నె, వేరే గరిటె. చేతులు కడుక్కున్నాకే వాటిని ముట్టాలి."

"అంటే పిల్లకు దినామూ మడి అంటావు?"

"అవును. మడే."

"అట్ల చెప్పు మరి! ఎలర్జీ గిలర్జీ అంటే నాకేం తెలుస్తాది?"

మరునాడే చెన్నమ్మ విగ్రహాలు చెక్కే శిల్పి ముందు కూర్చుందట. "దేవుళ్లను చెక్కే ఉలితో రోలు చెక్కమంటావా పెద్దమ్మా?" అన్నాడట అతను. "నా మనవరాలి ప్రాణం కాసేది దేవుడు గాక ఏందప్పా? చెక్కు!"

కొత్త రోలు వచ్చాక వాపు మళ్లీ రాలేదు. నంద్యాలలో పెండ్లికి అందరూ వచ్చారు, నన్నూ పిలిచారు. చెన్నమ్మ ఆ చిన్న రోలును ఒళ్లో పెట్టుకొని బండి దిగింది.

"ఏందీ చెన్నక్కా, ఈడ రోళ్లు లేవనా మోసకొస్తివి?" అని ఒక చుట్టం ఎగతాళి చేసింది.

"రోట్లో తల పెట్టినాంక రోకటిపోటుకు బయపడతానా? పక్కకు జరుగు."

భోజనాల వేళ పెండ్లికూతురి పిన్నమ్మ ఓబులమ్మ నోటి దగ్గరకు చెనిక్కాయల ఉండ తెచ్చింది. "ఒకటి తింటే ఏం గాదులేమ్మే." నేను విస్తరి ముందు నుంచి లేచాను. నేను చేరేలోపే పిల్ల వెనక్కి గెంతి, చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది.

"ముట్టుకోవద్దు! నాకు మడి!"

ఆ పిన్నమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని వెనక్కి తగ్గింది. "అయ్యో, తెలీదమ్మా తల్లీ!" పంక్తి అంతా గొల్లున నవ్వింది. తమ్ముడి పక్కన నిలబడిన రామలక్ష్మి అందరికంటే గట్టిగా నవ్వింది. పెండ్లి నుంచి తిరిగి వెళ్లగానే కూతురిని బడిలో వేసింది.

పిల్లకు జబ్బని చెప్పి ఉంటే, ఒక్క ఉండకు ఏమవుతుందని ఆ పిన్నమ్మ తప్పక తినిపించేది. మడితో మాత్రం ఎవరూ వాదించరు. వైద్యుడి ఆజ్ఞ గాలిలో నిలవదు. ఇంట్లో అప్పటికే ఉన్న క్రమంలో దానిని నాటాలి. ఆ తరువాత ఏ పిల్లకు పథ్యం చెప్పవలసి వచ్చినా, ముందు ఆ ఇంటి పెద్దామెను పిలిచి, వారి ఇంట శనివారం ఎలా గడుస్తుందో అడిగేదాన్ని.