డాక్టరు వద్దన్నారని చెప్పాను

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని చెప్పినవాడు ఎవరో తెలిస్తే మీలో కొందరు నవ్వుతారు. దేవుడి పేరున చెప్పే అబద్ధాల మీద ఇరవై ఏళ్లుగా వేదికలెక్కి నిప్పులు కక్కుతున్నవాణ్ణి. అందుకే ఇక్కడ నా పేరు రాయడం లేదు. అది పిరికితనమే. మిగతాదైనా దాచకుండా చెబుతాను, వినండి.

అప్పట్లో చిక్కబళ్లాపురం నుంచి ఊళ్లకు తిరిగే ఒక సేవాబృందంలో పనిచేసేవాణ్ణి. నయం కాని జబ్బుతో ఇంట్లోనే చివరి రోజులు గడిపేవాళ్ల దగ్గరికి వారానికొకసారి వ్యాన్‌లో వెళ్లేవాళ్లం. నొప్పి సంగతి డాక్టరు చూసేవారు. రోగితో, ఇంటివాళ్లతో మాట్లాడడం నా పని. శిక్షణలో మాకు చెప్పిన మొదటి పాఠం, ఏ సంగతైనా రోగికే నేరుగా చెప్పాలి, నిర్ణయం రోగిదే అని. మా వైపు ఊళ్లలో పద్ధతి వేరు. చెడ్డమాట ఏదున్నా ఇంటి మగవాణ్ణి వాకిట్లోకి పిలిచి చెబుతారు. అందులో ఎంత లోపలికి తీసుకెళ్లాలో ఆయన చూసుకుంటాడు. ఆ పద్ధతిని తిట్టిపోస్తూ వ్యాసాలు రాశాను. మంచం మీదున్న మనిషిని బతికుండగానే లేకుండా చేయడమే ఇది అని రాశాను.

చాకవేలులో గంగులమ్మ అని ఒకామె. పేరు మార్చాను. గర్భసంచి క్యాన్సర్. ఎక్కువ రోజులు లేవని ఆమెకు తెలుసు, నేనే చెప్పాను. ఒక మధ్యాహ్నం నన్ను మంచం పక్కన కూర్చోమంది.

"మురుగమల్ల దర్గాకు ఒకతూరి పొయ్యి రావాలప్పా."

చింతామణి దారిలో గంటన్నర ప్రయాణం. "ఎందుకమ్మా? అక్కడికి పోతే నయమైపోతుందా?" అన్నాను. నా గొంతులో ఎగతాళి ఉంది. ఆమెకు వినబడే ఉంటుంది.

నవ్వింది. "నయమయ్యేదుంటే నువ్వెందుకు వస్తాండావప్పా నా దగ్గరికి? మా పెద్దోడికి ఫిట్సు వచ్చినప్పటి నుంచి ఏటేటా పోతాండా. ఇంక రాలేనని చెప్పి రావాల. చెప్పకుండా పోతే బాగుంటాదా?"

"చెప్పకుంటే ఎవరు అడుగుతారమ్మా?"

"ఒక వారం నువ్వు రాకుంటే నేను అడగనా?"

లేచి సంచి భుజాన వేసుకున్నాను. సభల్లో నేనలా మాట మధ్యలో లేచి వచ్చినవాణ్ణి కాను.

వ్యాన్ దగ్గర డాక్టరుకు చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తీసుకెళ్లొచ్చు, బయల్దేరే ముందు నొప్పి మందు ఒక మోతాదు ఎక్కువ ఇద్దాం, రేపు వ్యాన్ పంపుతాను, నువ్వు తోడు వెళ్లు అన్నారు.

నువ్వు తోడు వెళ్లు. నేను ఆగింది ఆ మాట దగ్గరే. అంతకు పది రోజుల ముందు చింతామణి సభలో మొక్కుల మీద ముప్పావుగంట మాట్లాడాను. గుడిని వదల్లేదు, దర్గాను వదల్లేదు. చప్పట్లు కొట్టినవాళ్లలో మురుగమల్లవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు వాళ్ల కళ్లముందే ఆమెను చేతుల మీద ఎత్తుకుని, దర్గాలో చదివించే చక్కెర పొట్లం పట్టుకుని, ఆ గడప నేను దాటాలి.

ఇంటి వాకిట్లోకి తిరిగి వచ్చాను. ఆమె భర్త వెంకటరవణప్ప మల్బరీ ఆకు మోపు దించుతున్నాడు.

"డాక్టరు ప్రయాణం వద్దన్నారప్పా. దారిలోనే ప్రాణం పోవచ్చంట."

ఆయన మోపు పక్కనే నిలబడిపోయాడు. "ఆ మాట నువ్వే చెప్పప్పా ఆమెకు."

"మీరు చెబితేనే బాగుంటుంది."

చూశారా? నేను తిట్టిపోసిన పద్ధతే నన్ను కాపాడింది. ఆమె ముఖం చూసి ఆ అబద్ధం చెప్పాల్సిన పని లేకుండా పోయింది. డాక్టరుకేమో ఇంటివాళ్లు ఒప్పుకోలేదన్నాను. రెండు అబద్ధాలు, పావుగంటలో.

ఒక మూఢనమ్మకాన్ని ఆపానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమా? ఆమె మహిమ అడగలేదు, బతికించమని అడగలేదు, ముప్పై ఏళ్లు వెళ్లిన చోటికి వెళ్లి సెలవు తీసుకుంటానంది. ఆమెతో వాదించి ఓడిపోయి ఉంటే అందులో కాస్త హేతువు ఉండేది. నేను వాదించలేదు. నా పేరు కాపాడుకున్నాను. అంతే.

పద్దెనిమిది రోజులకు ఆమె పోయింది. నెల తిరక్కుండా ఒక వ్యాసం రాశాను. మొక్కులూ ముడుపులూ లేకుండా, తన ఇంట్లో, ప్రశాంతంగా కన్నుమూసిన ఒక రైతు స్త్రీ గురించి. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి.

ఈ ఏడాది నా వ్యాసాలను పుస్తకంగా వేస్తామన్నారు. ప్రూఫులు దిద్దుతుంటే ఆ వ్యాసం వచ్చింది. 'ప్రశాంతంగా' అన్న మాట దాటి ముందుకు పోలేకపోయాను. మర్నాడు పొద్దున బాగేపల్లి బస్సెక్కి, అక్కడి నుంచి చాకవేలు వెళ్లాను.

వెంకటరవణప్ప పట్టుపురుగుల కొట్టంలో తట్టల మీద ఆకు పరుస్తున్నాడు. నిలబడే చెప్పేశాను. డాక్టరు వెళ్లమన్నారు, వద్దన్నది నేనే అన్నాను. ఆయన చేయి ఆపలేదు. తట్ట నిండిన తర్వాతే నోరు తెరిచాడు.

"ఆ దినాల్లో పురుగు పండి గూడు కట్టేదానికి వచ్చి ఉండె. ఇడిసిపెట్టి కదిలేదానికి లేకుండె. డాక్టరు పేరు చెప్పి నేనే అడ్డం పడతాండానని అనుకునింది. 'నాకన్నా నీకు పురుగులే ఎక్కువైనాయా' అనింది. అంతే. మళ్లీ నాతో మాట్లాడలేదప్పా. నా చేత నీళ్లు కూడా తాగలేదు."

క్షమించమని అడగబోయాను.

"నాకు చెప్పి ఏం చేస్తావు? ఆమెకు చెప్పు పో. చెప్పేదానికి అయితాదా నీకు?"

చనిపోయినవాళ్లు వినరు. ఇవాళ్టికీ నేను నమ్మేది అదే. ఆ మాటను ఆయన ముందు పైకి అనలేకపోయాను. ఆయన ఇంకో తట్ట వైపు తిరిగాడు. నేను బయటికి వచ్చేశాను.

ఆ వ్యాసాన్ని పుస్తకంలోంచి తీసేయమని ప్రచురణకర్తలకు రాశాను. దానివల్ల ఎవరికీ ఏమీ తిరిగి రాదు. పద్దెనిమిది రోజులు భార్య నోటి నుంచి ఒక్క మాటైనా రాకపోయినా ఆమె మంచం పక్కన కూర్చున్న మనిషికి అసలే రాదు. కానీ తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఊపిరి సులువుగా ఆడుతోందని గమనించాను. సిగ్గేసింది. ఆయనను అలా వదిలేసి వస్తూ తేలికపడడానికి నాకేం హక్కుంది? లేదు. అయినా తేలికపడ్డాను. అదీ మీ దగ్గర దాచడం లేదు.