ఉపసంహరణ రోజు తాంబూలం

మా తాతగారు ఊరికి ప్రెసిడెంటుగా ఉన్నన్నాళ్ళూ ఎవరినీ ఓటు అడగలేదు. ప్రతిసారీ ఏకగ్రీవమే. పొలాలు పోయాయి, మేడ పోయింది, ఇంటిపేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు కూడా తగ్గిపోయారు. ఈ ఒక్క మాట మాత్రం నాకు మిగిలింది. కువైట్‌కు వచ్చాక కూడా పరిచయమైన ప్రతివాడికీ దీన్ని చెప్పాను.

బ్నీద్ అల్ గార్‌లో ఒక పాత భవనం మొదటి అంతస్తులో తొమ్మిదిమందిమి ఉంటాం. మూడు గదులు, గదికి ముగ్గురు. నేను షర్క్‌లో ఒక ఆఫీసులో ఫైళ్ళు చూస్తాను. ఫ్లాట్ అద్దె కాగితం మా ఊరివాడి పేరు మీద ఉంది. వాడు సులైబియాలో గోదాముల దగ్గర ఫోర్‌మన్. వాళ్ళ నాన్న మా పొలం కౌలుకు చేసేవాడు. నాకు ఇక్కడి వీసా తెప్పించింది వాడే. ఈ విషయం నేను ఎవరికీ చెప్పలేదు, వాడూ చెప్పలేదు. ఇప్పటికీ నన్ను అందరి ముందూ బాబుగారనే పిలుస్తాడు. జగిత్యాల నుంచి వచ్చిన ఒకతను ఉన్నాడు, మా వంటగది అంతా అతని నోటి మీదే నడుస్తుంది. "ఏందన్నా, బాబుగారు బాబుగారంటవ్, బాబుగారి బట్టలు బాబుగారే ఉతుక్కుంటున్నడు గద" అని వాణ్ణి ఏడిపిస్తూ ఉంటాడు. నేను విననట్టు ఊరుకుంటాను.

మూడో అంతస్తులో కాకినాడ వైపు కుటుంబం ఒకటి ఉంది. ఆవిడ ఒక అమెరికన్ సిలబస్ స్కూల్లో నర్సు. కూతురు అదే స్కూల్లో ఆఖరి సంవత్సరం. ఆ పిల్ల అన్నిట్లోనూ పాసై, అమెరికన్ గవర్నమెంట్ అనే ఒక్క సబ్జెక్టులో తప్పింది. అది పాసైతేనే డిప్లొమా ఇస్తారు. డిప్లొమా చూపిస్తేనే కాలేజీలో సీటు ఉంటుంది. నేను రాజనీతిశాస్త్రంలో ఎమ్మే చదివానని ఆవిడకు ఎవరో చెప్పారు.

"అన్నయ్యగారూ, దీనికి అమెరికా అధ్యక్షుడి గోల ఎందుకో నాకు తెలీదండి. కానీ ఇది తప్పితే పిల్ల సంవత్సరం పోతుంది" అందావిడ.

ప్రతి శుక్రవారం పదకొండు గంటలకు, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి పాఠం చెప్పేవాణ్ణి. తల్లి పక్కనే కూర్చుని కూరలు తరుగుతూ వినేది. కాంగ్రెసు, సెనేటు, పార్టీల లోపల జరిగే ప్రాథమిక ఎన్నికలు, ఇవన్నీ పిల్ల త్వరగానే పట్టుకుంది. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు అధ్యక్షుడు కాకుండా పోవడం మాత్రం ఎంత చెప్పినా ఎక్కలేదు. అందుకని ముందు మా ఫ్లాట్లో ప్రయత్నించి చూశాను.

ఒక శుక్రవారం వంటకు కోడా చేపా అని చీటీలు రాయించాను. ఒక్కో గదిని ఒక్కో రాష్ట్రం అనుకోమన్నాను. గదిలో ఎక్కువమంది ఏది కోరితే ఆ గది మొత్తం దానికే. రెండు గదుల్లో ఇద్దరేసి కోడి, ఒక్కొక్కరు చేప అన్నారు. మూడో గదిలో ముగ్గురూ చేపే అన్నారు. కోడికి రెండు గదులు, చేపకు ఒకటి. కోడి గెలిచింది.

"గిదేం లెక్క సార్?" జగిత్యాల అతను గరిటె పట్టుకునే వచ్చాడు. "చేప అన్నోళ్ళం అయిదుగురం. కోడి అన్నోళ్ళు నలుగురు. కోడి ఎట్ల వండుతరు?"

"రాష్ట్రాలవారీగా లెక్కిస్తారయ్యా. అది వాళ్ళ రాజ్యాంగం."

"వాళ్ళ రాజ్యాంగం వాళ్ళకే ఉండనీ. నేను చేప తెచ్చిన. ఖలాస్."

ఆ రోజు చేపే తిన్నాం. ఇదంతా చెబితే పిల్ల పడీపడీ నవ్వింది. పాఠం మాత్రం మళ్ళీ మరిచిపోలేదు.

తరువాతి వారం సిద్ధాంతాల పాఠం. పుస్తకంలో పది ప్రశ్నలు ఇచ్చారు. ఎవరినైనా అడిగి, జవాబులను బట్టి ఆ మనిషిని ఒక గీత మీద ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఒక కొసన సంప్రదాయవాదులు, రెండో కొసన ఉదారవాదులు. మా ఊరివాడు వాళ్ళింట్లో ఏదో కుళాయి బిగించడానికి వచ్చి ఉన్నాడు. పిల్ల నన్నే ప్రశ్నలడిగి, చివరకు పెన్సిలు కొరుకుతూ కూర్చుంది.

"అంకుల్, పాత పద్ధతులు ఒక్కటీ మారకూడదంటారు. చదువూ వైద్యమూ గవర్నమెంటే ఇవ్వాలంటారు. మిమ్మల్ని ఏ కొసన పెట్టాలి?"

"మధ్యలో ఎట్టెయ్యమ్మా" అన్నాడు వాడు సింకు కిందనుంచి. "ఏసీకి ఎదురుగా."

ఆ తరువాత అసలు ప్రాజెక్టు వచ్చింది. మార్కులన్నీ దాని మీదే. ఎవరికైనా స్వయంగా తెలిసిన ఒక ఎన్నికను తీసుకుని, పాలితుల సమ్మతి అనే సూత్రానికి అది ఎంతవరకు సరిపోయిందో రాయాలి. చెప్పినవాళ్ళ సంతకం కింద ఉండాలి. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా తాతగారి ఎన్నిక చెప్పాను. ఒకసారి పోటీగా ఒకతను నామినేషన్ వేశాడనీ, ఉపసంహరణ రోజున తాతగారు అతన్ని ఇంటికి పిలిచి అరుగు మీద కూర్చోబెట్టారనీ, అతను తనంతట తనే తప్పుకున్నాడనీ, అందుకు పంచెల చాపు పెట్టి తాంబూలం ఇచ్చి గౌరవించారనీ చెప్పాను. తప్పుకున్నవాడికి తాంబూలం ఇవ్వడం మా ఇంటి ఆచారం. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పళ్ళెం పట్టుకున్నది నేనే. అతను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. పోట్లాటలూ ప్రచారాలూ లేకుండా ఊరంతా ఒక్కమాట మీద నిలవడం కంటే సమ్మతి ఏముంటుందని రాయించాను.

ఆదివారం పేపరు తిరిగి వచ్చింది. మార్కు వేయలేదు. అంచున టీచరు ఎర్రసిరాతో రాసింది. పోటీదారుడు తప్పుకున్నందుకు అవతలి అభ్యర్థి కానుక ఇవ్వడాన్ని మన పాఠంలో ఏమన్నాం? అతను ఇష్టపడే తప్పుకున్నాడనడానికి ఆధారం ఏమిటి? వారంలోగా చూపించకపోతే మార్కులు ఇవ్వలేను.

పాఠంలో దాని పేరు లంచం. "మీ టీచరుకు మన పద్ధతులు తెలియవు" అన్నాను.

"టీచర్ పద్ధతి అడగలేదు అంకుల్. ఆధారం అడిగింది."

"ఇష్టంతోనే తప్పుకున్నాడని రాయి."

"ఎవరు చెప్పారని రాయాలి?"

వేరే ఎన్నిక గురించి రాయమన్నాను. మార్చడానికి వీల్లేదంది. తల్లి కత్తిపీట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

ఆధారం ఎక్కడుందో నాకు తెలుసు. ఆ రోజు అరుగు మీద కూర్చున్నది మా ఊరివాడి తండ్రి. ఆయన ఇప్పుడు లేడు. కొడుకు మా పక్క గదిలోనే ఉన్నాడు. ఇన్నేళ్ళు ఒకే వంట తింటున్నాం, ఆ రోజు గురించి మేం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. వారంలో నాలుగు రోజులు నేను వాణ్ణి అడగలేదు. పిల్ల మెట్ల మీద కనబడితే, తలుపు తాళం వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను.

గురువారం పొద్దున, పనులకు వెళ్ళకముందే, ఇద్దరం షర్క్ చేపల మార్కెట్‌కు వెళ్ళాం. వాడు ఒక చేప మొప్పలు ఎత్తి చూస్తున్నాడు. అప్పుడు అడిగాను.

"మీ నాన్న ఆ రోజు ఇష్టపడే తప్పుకున్నాడా?"

వాడు చేపను మంచులో పెట్టేశాడు. ఏ రోజు అని అడగలేదు.

"అడుగుతుంది మీరా బాబుగారూ, పైనున్న పాపా?"

"పాప చదువు కోసం."

"అయితే పాపకే చెప్తానండి."

ఆ సాయంత్రమే ఇద్దరం మూడో అంతస్తుకు వెళ్ళాం. వాడు స్నానం చేసి, శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ చూపిస్తే నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. పిల్ల ఫోను మధ్యలో పెట్టి రికార్డు చేసుకుంది.

"మా నాన్నకి ప్రెసిడెంటు అయిపోవాలని కాదమ్మా. మా పేటకి మంచినీళ్ళ పంపు ఎయ్యమని శానాసార్లు అడిగేడు. ఎయ్యలేదు. నుంచుంటేనన్నా ఇంటారని నామినేషన్ ఏసేడు. ఉపసంహరణ రోజు పొద్దున్నే పెదబాబుగారు కబురెట్టేరు. ఎల్లేడు. అరుగు మీద కూచోమన్నారు. అప్పటిదాకా ఆ అరుగు మీద మావోళ్ళెవరూ కూచోలేదు. కాఫీ ఇప్పించేరు."

"బెదిరించారా అంకుల్?"

"అబ్బే, లేదమ్మా. మాటొస్తే అనాలి, పెదబాబుగారు ఎప్పుడూ గొంతు పెంచలేదు. 'మనలో మనకి పోటీ ఏంట్రా' అన్నారంతే. మేం చేసే పొలం వారిది. మేమున్న ఇంటి చోటు వారిది. ఇంకేం అనాల? సంతకం ఎట్టి, పంచెలు పుచ్చుకుని వచ్చేసేడు."

"ఆ పంచె కట్టుకున్నారా?"

"లేదు. పెట్లో అడుగున ఎట్టేసేడు. అమ్మ ఒకసారి తీసి ఇచ్చింది. ఒద్దన్నాడు."

పిల్ల రాసుకుంది. "మరి పంపు వేశారా?"

వాడు నా వైపు చూశాడు. నాకూ తెలుసు కాబట్టి నేనే చెప్పాను.

"వేశారు. మా వీధి చివర."

తల్లి లోపలికి వెళ్ళి టీ పెట్టింది. తరువాత పిల్ల అడిగింది, "ఓట్లు పడి ఉంటే మీ నాన్నగారు గెలిచేవారా?"

వాడు నవ్వాడు. "ఓడిపోయేవోడేనేమో అమ్మా. పెదబాబుగారంటే జనానికి గౌరవం. మా అమ్మే ఆయనకి ఏసేదేమో! కానీ ఓట్ల పెట్టె తెరిస్తే కదా తెలిసేది."

వాడు తాతగారిని తిట్టి ఉంటే నేను లేచి వచ్చేసేవాణ్ణి. ఆయన గెలిచేవారేమో అన్నాడు. ఊరంతా మమ్మల్నే కోరుకుందని ఇన్నేళ్ళు చెబుతూ వచ్చాను. ఊరిని ఎవరూ అడగలేదు. తాతగారు కూడా ఊరు తనను కోరుకుందో లేదో తెలియకుండానే పోయారు.

పిల్ల రెండు రోజుల్లో మళ్ళీ రాసింది. నాకు చదివి వినిపించింది. తాంబూలాన్ని కానుక అని రాసింది, దాని వెనక ఒత్తిడి ఉందని చేర్చింది. అది మర్యాదే గాని కానుక కాదనీ, ఆ మాట తీసేయమనీ అన్నాను. తీయలేదు. పక్కన తాంబూలం అని కూడా రాసి, అదేమిటో ఒక వాక్యంలో వివరించింది. నేను చెప్పినదంతా ఒక పేరాలో, వాడు చెప్పినదంతా ఇంకో పేరాలో పెట్టింది. వాడు సంతకం చేసి పెన్ను నాకిచ్చాడు. పంపు మా వీధి చివర వేశారన్న వాక్యం నా పేరాలో ఉంది. దాన్ని రెండుసార్లు చదివి, సంతకం పెట్టాను.

పిల్ల పాసైంది. తల్లి అరిసెలు పంపింది. వాటిని మా ఫ్లాట్లో పంచుతున్నప్పుడే జగిత్యాల అతను ఇంకో సంగతి ఎత్తాడు. మా ఫ్లాట్‌కు ఏడాదికోసారి ఒక పెద్దను అనుకుంటాం. వంట వంతులు చెప్పడం, హారిస్‌తో, అంటే బిల్డింగు వాచ్‌మన్‌తో, మాట్లాడటం ఆ మనిషి పని. ఎప్పుడూ మా ఊరివాడే.

"ఈయేడు గూడ అన్ననే. ఇంకెవలున్నరు? యల్లా, అయిపాయె" అన్నాడతను.

"చీటీలు వేద్దాం" అన్నాను. "నేను నిలబడతాను."

అందరూ తినడం ఆపారు. మా ఊరివాడు అరిసె కింద పెట్టి, "నన్ను తప్పుకోమంటారా బాబుగారూ?" అన్నాడు. వాడు వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అడిగాడో నాకు తెలియలేదు.

"తప్పుకోవద్దు. నువ్వు తప్పుకుంటే నేను నిలబడను."

రెండు రోజులు గడువు పెట్టుకున్నాం. నేను గది గదికీ వెళ్ళి ఓటు అడిగాను. ఆ పని మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. నా మాట ఎలా వినబడిందో గాని, జగిత్యాల అతను మంచం మీదనుంచి లేవకుండానే, "సార్, అడుగుతున్నవా, ఆర్డరేస్తున్నవా?" అన్నాడు. మళ్ళీ అడిగాను. రెండోసారి కొంచెం నయమన్నాడు.

శుక్రవారం భోజనాలయ్యాక చీటీలు ఖాళీ బియ్యం డబ్బాలో వేశాం. ఈసారి గదుల లెక్క వద్దని ముందే తీర్మానించారు. లెక్కపెట్టింది జగిత్యాల అతనే. మా ఊరివాడికి ఏడు, నాకు రెండు. ఆ ఏడు చీటీలూ మా ఊరివాడి చేతుల్లో పెట్టి, నేను ముందుగా కరచాలనం చేశాను. ఓడినవాడు ముందుగా అభినందించడం అమెరికాలో పద్ధతి అని చెప్పాను.

నాకు పడిన ఆ రెండింట్లో ఒకటి నాది. రెండోది ఎవరిదో నేను అడగలేదు.