మా తాత నడక

మా ముత్తాత పెద్ద ఓబుళరెడ్డి ఓర్వకల్లు చుట్టుపక్కల పల్లెలకు తీర్పరి. అన్నదమ్ములు పొలం పంచుకోలేక కొట్టుకుంటే ఆయన వెళ్ళి కర్ర పాతిన చోటే గట్టు వేసుకునేవారు, ఆపైన కోర్టు మాట ఎత్తేవారు కాదు. ఆయన కొడుకు, నా తాత గంగిరెడ్డి, కరువు కాలంలో ఇంటి ముందరి జొన్నల పాతర తెరిపించి, అడిగినవాడికీ అడగడానికి సిగ్గుపడినవాడికీ ఒకే కొలతతో కొలిపించిన మనిషి. ఆ మనిషే ఇప్పుడు రోజూ సాయంత్రం, కర్నూలులో నేను అద్దెకుంటున్న ఇంట్లో, పక్కవాటా నుంచి తిరగమోత వాసన వచ్చే వేళకు, టీవీలోకి వచ్చి కోడలి ముందున్న అన్నం కంచాన్ని కాలితో తంతాడు. ముఖం ఆయనది కాదు. మీసం జిగురుతో అంటించింది. నడక మాత్రం ఆయనదే. ఆ నడకతో బతుకుతున్నవాడు మా ఊరి సుంకన్న. మా మెట్టచేలు కోరుకు, అంటే పంటలో పాలు కొలిచే ఒప్పందానికి, చేసిన రైతు కొడుకు, ఇవాళ సినిమాల్లో, సీరియళ్ళలో పేరున్న క్యారెక్టర్ నటుడు.

ఆ నడక వాడి కాళ్ళలోకి ఎట్లా వెళ్ళిందో చూసినవాళ్ళలో మా ఇంట మిగిలింది నేనొక్కణ్ణే.

మా చిన్నతనంలో ఉగాది అంటే నాటకం. అప్పటికి చేలన్నీ బోడిగా ఎండి, బండరాళ్ళ గుట్టల మీదుగా వచ్చే గాలి మూతి కాల్చేది. మధ్యాహ్నం ఆడవాళ్ళు వసారాలోని నాపరాళ్ళ మీద కడవలతో నీళ్ళు కుమ్మరిస్తే వేడి ఆవిరితో పాటు ఒక మట్టివాసన లేచేది. మేం పిల్లలం చొక్కాలు విప్పేసి ఆ తడి మీద బోర్లా పడుకుని, వంటింట్లో పూర్ణానికి ఉడికే బెల్లం వాసన పీలుస్తూ, ఓళిగలు పెనం మీదికి ఎప్పుడు ఎక్కుతాయా అని చెవులు రిక్కించి వినేవాళ్ళం. ఆ రోజుల్లో బొంగరాలూ బిళ్ళంగోడూ అన్నీ మూలపడేవి. బొగ్గుతో మీసాలు దిద్దుకుని, అట్టముక్కలతో కిరీటాలు కట్టుకుని, వీధిలో మేమూ రాజులమై తిరిగేవాళ్ళం.

అసలు నాటకంలో రాజు వేషం ఎవరు కట్టినా వాడి పట్టుపంచె, తలపాగా మా ఇంటి నుంచే వెళ్ళాలి. అది మా తాతకు ముందు నుంచీ ఉన్న మర్యాద. కర్నూలు నుంచి అద్దెకు తెచ్చే తళుకు బట్టలంటే ఆయనకు గిట్టేది కాదు. పంచె ఇచ్చి ఊరుకునేవాడా అంటే అదీ కాదు, ఆ పంచెకు తగినట్టు నడవడం కూడా తానే నేర్పాలనేవాడు. ఒక ఏడు రాజు వేషం సుంకన్నకు వచ్చింది. అప్పటికి వాడు పెళ్ళీడు పడుచువాడు, నాకంటే చాలా పెద్ద. నాటకం నాలుగునాళ్ళు ఉందనగా తాత వక్కాకు నములుతూ, చేతిలో విసనకర్రతో, వాణ్ణి వసారా పొడవునా అటూ ఇటూ నడిపించాడు.

“ముందు మడమ మోపప్పా. కాలి యేళ్ళ మీద నడిచేది దొంగోడు. ఈ నేల నాదే అనుకోని నడువు” అన్నాడు తాత.

“నేల మీది గదా రెడ్డీ. నాదే అనుకుంటే మీకు కోరు కొలిచేది యెవురు?” అన్నాడు సుంకన్న.

వసారా అంతా నవ్వింది. తాత కూడా నవ్వి, లేచి, కుచ్చెళ్ళు ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని తానే నడిచి చూపించాడు. మడమ ముందు, అరికాలు తర్వాత. వెనకనుంచి ఎవరో పిలుస్తారేమో అన్నంత నిదానం. మలుపులో తల ముందు తిరిగి, ఒళ్ళు ఆ తర్వాత తిరగడం. సుంకన్న కళ్ళార్పకుండా చూశాడు. మూడో నాటికి వాకిట్లో నడుస్తున్నది తాతో వాడో వంటింట్లోంచి తెలియడం లేదని మా అవ్వ విసుక్కుంది.

మా తాత చేసిన పొరపాటు అదే. పరాయివాడికి పూసగుచ్చినట్టు నేర్పాడు. మా నాయనకు గానీ నాకు గానీ ఒక్కనాడూ నేర్పలేదు. “మనోళ్ళకు నేర్పేది యేముండాది? పుట్టుకతోనే వస్తాది” అనేవాడు.

తర్వాత సుంకన్న హైదరాబాదు వెళ్ళాడు. అక్కడ వాడు వెలగబెట్టినదేమిటంటే, ఫ్యాక్షన్ సినిమాల్లో కొడవలి పట్టుకుని సుమోల వెనక పరుగెత్తి చావడం. కొన్నేళ్ళపాటు వాడు తెరమీద చావడమే చేశాడు. మా సీమ మాట నోట్లో ఉన్నందుకు ఆ తర్వాత వాచ్‌మన్ వేషాలు, పెళ్ళికూతురి మేనమామ వేషాలు దొరికాయి. జుట్టు నెరిశాక సీరియల్ వాళ్ళు పిలిచి ఊరి పెద్దను, అదీ దుర్మార్గుణ్ణి చేశారు. అప్పుడు వాడు దాచుకున్న మా తాతను బయటికి తీశాడు. తీసి ఊరుకోలేదు, ఒక టీవీ ముఖాముఖిలో కూర్చుని, ఆ నడక మా ఊరి రెడ్డిదని నవ్వుతూ చెప్పాడు.

మర్నాడే పక్కవాటా ఆమె గుమ్మంలో నిలబడి అడిగింది: “అన్నా, ఆ ముసిలోడు మీ తాతను చూసి నేర్చుకున్నాడంట గదా. మీ తాత అంత చెడ్డోడా?”

మా వంశంలో పరాయి గుమ్మం తొక్కి న్యాయం అడిగినవాడు లేడు. అయినా ఓర్వకల్లు రాళ్ళగుట్టల్లో షూటింగ్ జరుగుతోందని తెలిసి బస్సెక్కి వెళ్ళాను. తాత పేరు మీద పడ్డ మచ్చ తుడిచేందుకు ఇంకెవరున్నారు?

సుంకన్న గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు, పట్టుపంచె, అంటించిన మీసంతో. నన్ను చూసి లేచాడు.

“రా చిన్నరెడ్డీ, కూచో. శానా యెండలో వొచ్చినావు.”

“కూర్చోను. మా తాత యెవరి కంచం తన్నినాడో చెప్పు.”

“యెవురిదీ తన్నలేదప్పా. తన్నుడు వాళ్ళు రాసింది. నడక ఒక్కటే ఆయప్పది.”

“ఆ నడక మానెయ్. అది మాది. పైగా నువ్వు నడిచేది తప్పు, ఆయన అట్లా నడవలేదు.”

వాడికి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. “తప్పంటే మార్చుకుంటా. ఆయప్ప యెట్ల నడుస్తాండెనో నువ్వే నడిచి చూపిచ్చు. మనవడివి గదా” అన్నాడు.

నేను చెప్పులు విడిచి నాలుగడుగులు వేశాను. మడమ మోపాను. మలుపులో తల తిప్పాను. కుచ్చెళ్ళు పట్టుకోవడానికి ఎడమచెయ్యి దానంతటదే ప్యాంటు మీదికి వెళ్ళింది. దుస్తులు చూసే అమ్మాయి చప్పట్లు కొట్టి, “సార్, ఈయన మిమ్మల్ని భలే దింపారు!” అంది.

ఎవరూ నవ్వలేదు. సుంకన్న తల దించుకున్నాడు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. నా కాళ్ళలో నడిచింది తాత కాదు, ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం నేను పళ్ళు కొరుకుతూ చూసిన సుంకన్న. వసారాలో ఆయన నడిచిన తీరు కళ్ళు మూసుకుని వెతికితే ఇప్పుడు ఆ జిగురు మీసమే ఎదురొస్తుంది. కంచం తన్నిన మచ్చ తుడుద్దామని వెళ్ళినవాణ్ణి, ఆ మచ్చ కింద ఉండాల్సిన మనిషినే పోగొట్టుకుని బస్సెక్కాను. సుంకన్నను క్షమించమని వాడి తరఫున చెప్పడానికి ఒకరిద్దరు నా దగ్గరికి వచ్చారు. క్షమించను.

ఉగాదికి మా ఊళ్ళో ఇప్పుడు నాటకం లేదు. ఆ వేషాలు కట్టినవాళ్ళూ, అర్ధరాత్రి దాకా కూర్చుని పద్యానికి పద్యం అడిగి పాడించుకున్నవాళ్ళూ లేరు. తాతను సమాధి చేసిన దిబ్బచేను నిరుడు వేసవిలో ఫ్యాక్టరీ షెడ్లు కట్టేవాళ్ళకు అమ్మేశాం.