మూడు బస్సులు వదిలేసిన రోజు

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాదిన్నర. మా ఆయన గోదావరి అవతల బొగ్గుబాయిలో పని చేసేవాడు. గనిని మా వైపు బాయి అనే అంటారు. ఆ ఏడు వానాకాలంలో బాయి లోపల కప్పు కూలింది. ఆయనతో కలిసి పని చేస్తున్న ఒకతను చనిపోయాడు. మా ఆయన తొడల దాకా రాళ్ళ కింద ఇరుక్కుని, చీకట్లో పూటంతా అలాగే ఉండి, చివరికి బతికి బయటపడ్డాడు. కాలు అతుక్కునేదాకా హుజూరాబాద్ దగ్గర మా అవ్వగారింట్లోనే, అంటే నా పుట్టింట్లోనే ఉన్నాం.

ఆ రెండున్నర నెలల్లో ఆయన ఒక్కనాడూ ఇంటి లోపల పడుకోలేదు. వాన జల్లు కొడుతున్నా మంచం అరుగు మీదే. ఉక్కపోతగా ఉందనేవాడు. అవ్వ నమ్మింది, నేనూ నమ్మాను. బాయిలో ఏం జరిగిందని ఎవరడిగినా కప్పు కూలిందని, బయటపడ్డానని రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవాడు.

దసరా వెళ్ళాక సెలవు అయిపోయింది. ఎల్లుండి పొద్దుటి షిఫ్టుకు దిగాలనగా బయలుదేరాం. మా ఊరి నుంచి కరీంనగర్‌కు ఒక బస్సు, అక్కడి నుంచి పెద్దపల్లికి ఇంకో బస్సు, పెద్దపల్లిలో రైలు. నన్ను బస్సెక్కిస్తూ బాపు మెల్లగా, "అల్లుని మొకం నాకు మంచిగ కొడ్తలేదు బిడ్డా. జర పైలం" అన్నాడు. కరీంనగర్ చేరేదాకా ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

మేం దిగేసరికి పెద్దపల్లి బస్సు సిద్ధంగా ఉంది. ఆయన దాని వైపు చూడనైనా చూడలేదు. పూరీలు తిని పోదామన్నాడు. ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని, ఎవరినీ దారి అడగకుండా, బస్టాండు వెనక సందులో ఒక హోటలుకు తిన్నగా తీసుకుపోయాడు. బస్సు మారడానికి తప్ప ఈ ఊళ్ళో ఎన్నడూ ఆగని మనిషికి ఆ సందు ఎలా తెలుసో నాకు అర్థం కాలేదు.

ఆడవాళ్ళతో వచ్చినవాళ్ళకు అక్కడ ఒక మూల పర్దా కట్టిన చిన్న గది ఉంది. హోటలంటే నాకు అదే మొదటిసారి. పూరీలు పెట్టి వెళ్తూ సర్వరు పర్దా లాగాడు. మా ఆయన నోటి దాకా తెచ్చిన ముద్ద వదిలేసి లేచి నిలబడ్డాడు. ముఖమంతా చెమట. పర్దాను ఎంత గట్టిగా గుంజాడంటే తాడు తెగి మొత్తం కింద పడింది. హోటలంతా మా వైపే చూసింది. నేను కొంగు నెత్తిన కప్పుకుని పళ్ళెంలోకి తల దించుకున్నాను. గాలి ఆడుతలేదని ఎవరికని కాకుండా చెప్పి, ఆయన మళ్ళీ కూర్చుని తినసాగాడు. ఆలుగడ్డ కూర అంగీ మీద కారుతోంది. నా పూరీ చల్లారిపోయింది.

మొదటి బస్సు అలా వెళ్ళిపోయింది. అక్కడి నుంచి కమాన్ ద్వారం దగ్గరికి జిలేబీకి. రోడ్డు మీద నిలబడి, పాకం మణికట్టు దాకా కారుతున్నా తుడుచుకోకుండా తిన్నాడు. నాకూ ఆకులో పెట్టిచ్చాడు. ఒక ముక్క తుంచుకుని మిగతాది ఆకులోనే ఉంచాను. ఆ తర్వాత ఒక సాయెబు హోటల్లో మాంసం కూర, రొట్టెలు. ఆకలి తీరడానికి తింటున్నట్టు లేదు, రుచికి తింటున్నట్టూ లేదు. ఎవరో అప్పజెప్పిన పని చేస్తున్నట్టు ఒక్కో రొట్టే ముగిస్తున్నాడు.

నాకు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. పోయే ముందు వారం రోజులూ అది వండి పెట్టు, ఇది తెచ్చి పెట్టు అని అడిగి అడిగి తిన్నది. ఆశ తీర్చుకుంటున్నదని ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అది తలపుకు రాగానే నా పళ్ళెం పక్కకు జరిపాను. ఏమైందని ఆయన్ని అడిగాను. తినమన్నాడు. రెండో బస్సూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాటాక నేనే బతిమిలాడి బస్టాండుకు తీసుకొచ్చాను. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు నన్ను ముందు ఆడవాళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. పెట్టెతో వెనక నుంచి ఎక్కుతానని మా ఆయన అన్నాడు. బస్సు ఊరి ఇళ్ళు దాటాక జనం కాస్త సర్దుకున్నారు. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఆయన లేడు.

ఎలా లేచానో, కండక్టరుతో ఏం చెప్పానో గుర్తు లేదు. రోడ్డు మీద ఒక్కదాన్నే దిగి వెనక్కి నడిచాను. పట్నంలో ఒంటరిగా నడవడం ఎరగను. ఊరి పక్కనున్న మానేరు వాగు కళ్ళ ముందుకొచ్చింది. వానలు వెనకబట్టినా వాగులో ఇంకా నీళ్ళున్నాయి. పూరీల హోటలుకు పోయి చూశాను. రొట్టెల హోటలు గుమ్మంలో నిలబడి చూశాను.

బస్టాండు బయట సీతాఫలాల గంపలు పెట్టుకునే వరస ఉంది. అక్కడ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర తొక్కలు కుప్ప పడి ఉన్నాయి. గంప ముందున్న ముసలమ్మ నన్ను చూసి, "నీ పెనిమిటేనా? ఇగ సాలని జెప్పు బిడ్డా, కడుపుల నొస్తది" అన్నది.

తిట్టాలనుకున్నాను. పక్కన నేల మీద కూలబడ్డాను, అంతే. ఆయన నా వైపు చూడకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

కప్పు కూలినప్పుడు ఆ తోటి పనివాడు వెంటనే పోలేదట. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నా చీకట్లో ఒకరికొకరు కనబడలేదు. అతను బాయిలో చేరకముందు కరీంనగర్‌లో హోటళ్ళలో పని చేసినవాడు. నిద్ర పడితే పోతామని, ఆపకుండా తిండి సంగతులే చెప్పాడట. పూరీలు ఏ సందులో బాగుంటాయి, జిలేబీ ఎక్కడ, మాంసం ఎవరి దగ్గర. బయటపడగానే ఇద్దరం పోయి ఒక్కరోజులో అన్నీ తిందామన్నాడట. చివరగా చెప్పింది సీతాఫలాలు. ఆ తర్వాత మా ఆయన ఎంతసేపు పిలిచినా అతను పలకలేదు.

"అన్నీ తిన్న," అన్నాడు మా ఆయన. "ఇగ బాయి దిగుడొక్కటే ఉన్నది. నాకు భయమైతందే. బస్సు ఎక్కుదామనే అనుకున్న. కాళ్ళు లేవలే."

మగవాడు భయమని చెప్పడం నేను అదివరకు వినలేదు.

"నాక్కూడ భయమే," అన్నాను. "పొద్దుగాల్లసంది. నువ్వు సచ్చిపోతవనుకున్న."

అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు. మా ఊరికే తిరిగిపోదామని, బాపు చెలకలో ఇద్దరం వ్యవసాయం చేసుకుని బతుకుదామని అన్నాను. ఆయన కాళ్ళ దగ్గరి తొక్కలు పక్కకు నెట్టాడు.

"ఇయ్యాల ఎనుకకు పోతే నేను ఇంకెన్నడు దిగ. ఒక్కసారి దిగి చూస్త. నాతోని గాకుంటే అచ్చేస్త. అప్పుడు నువ్వేమనద్దు."

అననని మాట ఇచ్చాను. సాయంత్రం బస్సు ఎక్కాం. పెద్దపల్లి దాకా అందరి ముందే ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎదురు సీట్లో ఒకావిడ మొహం చిట్లించింది. నేను వదల్లేదు.

మూడో నాడు పొద్దున ఆయన వెంట బాయి దాకా వెళ్ళాను. ఆడవాళ్ళు అక్కడికి రారు. వాళ్ళ పని గ్యాంగులో పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మా ఆయన నా ముందే ఆయనకు అంతా చెప్పాడు, భయం సంగతితో సహా. ఆ పెద్దాయన నవ్వుతాడేమోనని చూశాను. ఆయన తంబాకు ఉమ్మేసి, "భయమున్నోడే కప్పు సప్పుడు ఇంటడు. నువ్వు నా పక్కకుండు" అన్నాడు.

వాళ్ళు దిగారు. షిఫ్టు అయ్యేదాకా నేను గేటు బయట రాయి మీద కూర్చున్నాను. సైరన్ మోగి మనుషులు పైకొచ్చినప్పుడు అందరి ముఖాలూ నల్లగా ఒక్కలాగే ఉన్నాయి. ఆయన చెయ్యెత్తితే గానీ గుర్తుపట్టలేకపోయాను. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు.

అలా నాలుగేళ్ళు దిగాడు. వేళ కాని వేళ సైరన్ మోగితే చేతిలో పని వదిలేసి గేటు దాకా పరుగెత్తేదాన్ని. ఆ తర్వాత బాయి పైన, దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో ఆయనకు పని దొరికింది. ఆ కబురు తెచ్చినప్పుడు నేను పొయ్యి ముందున్నాను. అక్కడే కూర్చుండిపోయాను. పెనం మీది రొట్టె ఆయనే తిప్పాడు.