అండమాన్‌లో కొన్న అంగీ

సముద్రం చూడాలన్నది నా కోరిక. ఏళ్లపాటు వెంటపడి మా ఆయనను అండమాన్‌కు ఒప్పించాను. తీరా జగిత్యాల ట్రావెల్స్ అతను టికెట్లు చేతిలో పెట్టేసరికి తెలంగాణ సమ్మె మొదలైంది. మా ఆయన సర్కారు టీచరు. పొద్దున లేస్తే కోరుట్లలో దీక్ష టెంటు కిందే ఉండేవాడు.

"అందరు ఎండల కూసుంటే నేను సముద్రంల తానం చేసొస్తనా? మొఖం ఎట్ల చూపియ్యాలె?" అన్నాడు.

ఆ మాట న్యాయమే. అయినా నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఉప్పు లేని పప్పు వండి పెట్టాను. మూడో రోజు ఆయనే దిగొచ్చి, "నీ దోస్తును తీస్కపో, నా టికెట్ కాన్సిల్ చేపిస్త" అన్నాడు.

దోస్తు అంటే పక్కింటామె. సిరిసిల్లలో ఒక దర్జీ కూతురు, పెళ్లయి కోరుట్లకు వచ్చింది. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు, కోపం వస్తే రెండూ. మా వాడ ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె మిషన్ మీదే తయారయ్యేవి. మనిషి గేటు దాటి వస్తుంటేనే "ఈ నడుమ ఒళ్లు చేసినవ్, కుట్లు ఇప్పాలె" అనేది. ఆమె భర్త పెళ్లయిన ఏడాదికే దుబాయి పోయాడు. రెండు మూడేళ్లకోసారి వచ్చి, మూట విప్పినట్టే విప్పి మళ్లీ కట్టుకుని పోయేవాడు. మా వాడలో సగం ఇళ్లు అంతే కాబట్టి దాన్ని ఎవరూ కష్టమని అనరు. ఆ చలికాలం వస్తానని, ఇక వాపస్ పోనని ఆయన ఫోన్‌లో చెప్పాడట. ఆ మాట ఆమె నాకు చెప్పినప్పుడల్లా కొత్తగా చెప్పినట్టే చెప్పేది. వాళ్లత్త కూడా "పోయి రా బిడ్డా, మావోడైతే నిన్ను ఏడికి తిప్పలే" అని పంపింది.

బస్సులు బందు. జీపు మాట్లాడుకుని హైదరాబాదు చేరి విమానం ఎక్కాం. ఎక్కినప్పటి నుంచీ ఆమెకు ఒకటే ధ్యాస, కొనాలి. నేను జైలు చూద్దామంటే ఆమె జైలు ఎదురుగా ఉన్న గవ్వల దుకాణంలో దూరేది. నేను అద్దాల అడుగున్న పడవెక్కి చేపలు చూసి వచ్చేసరికి ఆమె సబ్బులు కొని కూర్చుంది. నాకు చిర్రెత్తింది.

"గీ సబ్బులు కోరుట్లల దొరకయా?"

"దొరుకుతయి. విమానంల రావు గదా," అంది. "విమానం దిగినోళ్లు ఉత్త చేతులతోని ఎట్లపోతరే? వాడంతా కనిపెట్టుకొని ఉంటది."

మా దగ్గర విమానం దిగడమంటే దుబాయి నుంచి రావడమే. దిగినవాడు అట్టపెట్టె తెస్తాడు, దానికి తాడు బిగించి ఉంటుంది, మీద మార్కర్‌తో పేరూ ఊరూ పెద్దగా రాసి ఉంటుంది. అందరూ చేరాకే విప్పుతారు. పెళ్లయినప్పటి నుంచీ ఆ పెట్టెలను విప్పినప్పుడు పక్కన నిలబడ్డ మనిషి, జన్మలో ఒక్కసారి తాను కట్టాలనుకుంది. అది అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. అప్పటిదాకా తిడుతూనే ఉన్నాను.

మూడో సాయంత్రం ఇసుకలో కూర్చున్నాం. మూడు రోజులుగా చూస్తున్నా ఆ నీళ్ల మీద నాకు ఆశ తీరలేదు. ఆమె నీళ్లవైపు చేయి చాచి, "ఆయన గటు దిక్కే ఉన్నడు గదా?" అంది.

నా నోరు ఊరుకోదు. "గటు బర్మా ఉంటది. దుబాయి ఇటు, మన ఎనుక దిక్కు."

ఆమె లేచి, సముద్రానికి వీపు తిప్పి కూర్చుంది. బీచిలో ఉన్నవాళ్లందరూ అలలను చూస్తుంటే ఈమె ఒక్కతే కొబ్బరిచెట్లనూ, బజ్జీల బండినీ చూస్తూ చీకటి పడేదాకా అలాగే ఉంది. ఎందుకు చెప్పానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తరువాత ఇంకా రెండు మూడు సముద్రాలు చూశాను. ఇప్పుడు ఆమె కుటుంబం కోరుట్ల ఇల్లు అమ్మి సిరిసిల్ల పోయింది. సముద్రం ఒడ్డున కూర్చుంటే నాకు పక్కన ఖాళీగా ఉంటుంది, ఆమె వీపు తిప్పి కూర్చునే చోటు.

మర్నాడు అంగీల దుకాణానికి పోయాం. నీలం గుడ్డ మీద కొబ్బరిచెట్లు అచ్చేసిన అంగీ ఆమెకు నచ్చింది. దుకాణదారు హిందీలో సైజెంత అని అడిగాడు. వాడలో ప్రతి ఆడదాని చుట్టుకొలతా నోటికి చెప్పగలిగిన మనిషికి భర్త కొలత తెలియదు. ఆయన ఎప్పుడూ దుబాయిలో కొన్న రెడీమేడ్‌లే తొడిగేవాడు, ఆమె ఆయనకు ఒక్క అంగీ కుట్టిన పాపాన పోలేదు.

రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లు కలిపి, గాలిలో ఒక మనిషిని పట్టుకున్నట్టు చుట్టింది. "గింత ఉంటడు," అంది. తరువాత కొంచెం వదులు చేసింది. మళ్లీ దగ్గరికి తెచ్చింది. దుకాణదారు నవ్వబోయి మానేసి వేరే అంగీలు మడతపెట్టుకోసాగాడు.

"పెద్దదే తీస్కో," అన్నాను. "వదులైతే కుట్టు పట్టొచ్చు, బిర్రైతే ఏం జేస్తం?"

అట్టపెట్టె కట్టేటప్పుడు అలవాటు కొద్దీ దాని మీద భర్త పేరు రాయబోయింది. "పెట్టె నీదే, నీ పేరే రాయి" అని కసిరితే సిగ్గుపడుతూ రాసింది. వాపస్ వచ్చేటప్పుడు జగిత్యాల దగ్గర సమ్మెవాళ్లు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జీపును ఆపిన పెద్దమనిషి పైనున్న పెట్టెను చూసి, "దుబాయోళ్లు అచ్చిండ్రు, ఇడువుండ్రి," అని కేకేశాడు. ఇంత అన్నం తినిపించి మరీ పంపారు. దుబాయి కాదని చెప్పబోతే ఆమె నా తొడ గిల్లింది.

ఆ సాయంత్రం వాడంతా చేరింది. ఆమె పెట్టె ముందు కూర్చుని సబ్బులూ గవ్వల దండలూ పేరు పెట్టి పిలిచి మరీ పంచింది. అంగీ మాత్రం బీరువాలో దాచింది.

సమ్మె ముగిసింది. తెలంగాణ రాలేదు కానీ దుబాయి నుంచి ఆయన వచ్చాడు. నేను జాకెట్ కోసం వాళ్లింటికి పోయేసరికి ఆ అంగీ తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. అంగీ భుజాలు చేతుల మీదికి జారుతున్నాయి. మనిషి అంత చిక్కిపోయాడు. వాళ్లత్త నవ్వింది, ఆయనా నవ్వాడు. ఆమె నవ్వలేదు. మెడలో వేసుకున్న టేపు తీసింది.

ఛాతీ కొలిచింది. భుజం కొలిచింది. మళ్లీ ఛాతీ కొలిచింది. ఒక్కసారే కొలిచే మనిషి, టేపు చుట్టి అలాగే పట్టుకుని నిలబడింది. ఆయన చేతులు లేపి, కదలకుండా, ఆమె నడినెత్తి వైపు చూస్తూ ఉన్నాడు. నేను జాకెట్ అడగకుండానే ఇంటికి వచ్చేశాను.

ఎండాకాలం రాకముందే ఆయన మళ్లీ పోయాడు. ఇదే ఆఖరుసారి అన్నాడట. తరువాత ఒకరోజు ఆమె మిషన్ ముందు కూర్చుని ఉంటే, ఓదార్చడం చేతకాక, "ఈసారైతే కొలతలు రాసి పెట్టుకున్నవా?" అన్నాను.

"ఎందుకు రాసుకుంట?" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ. "అచ్చినంక మళ్ల తీసుకుంట."