పచ్చజెండా చూశానన్న మాట

ఆ రోజు నేను చివరి లారీని చూడలేదు. చూశానని చెప్పాను.

అది యుద్ధకాలం. నేను సంతల్లో దువ్వెనలు, అద్దాలు, గుండీలు అమ్మేవాణ్ణి. మదనపల్లెలో మా వీధిలోనే ఉండే ఒక సాయిబు గిన్నెలకు కళాయి పూసేవాడు. నాకంటే బాగా పెద్దవాడు. వారం వారం ఇద్దరం సైకిళ్ల మీద పుంగనూరు సంతకు పోయేవాళ్లం. ఆయన సైకిలు వెనక కొలిమికి గాలి కొట్టే తోలుతిత్తి, బొగ్గుల సంచి ఉండేవి. నా వెనక రేకుపెట్టె.

ఆ కంకర రోడ్డు మీద మిలిటరీ లారీలు బారులుగా వచ్చేవి. ఒకదాని దుమ్ములో ఇంకొకటి కనబడకుండా వచ్చేది. ఒకటి పోయింది కదా అని రోడ్డెక్కితే రెండోది మీదికి వచ్చేది. అందుకని మేమొక కట్టడి పెట్టుకున్నాం. ఆయన గుంతలు చూసుకుంటూ ముందు పోవాలి. నేను వెనక వచ్చే మోత వింటూ రావాలి. లారీ చప్పుడు వినగానే "దిగన్నా" అని కేకేసేవాణ్ణి. ఇద్దరం ఎడమ పక్క మట్టిలోకి దిగి, సైకిళ్లను కాలువ వైపు వాల్చి పట్టుకుని నిలబడేవాళ్లం. దుమ్ము పడితే దగ్గు ఆగదని ఆయన తువాలుతో మొహమంతా కప్పుకునేవాడు. బారులో చివరి లారీకి పచ్చజెండా కట్టి ఉండేది. అది దాటాక నేను "పచ్చ" అంటే, అప్పుడు తువాలు తీసి సైకిలెక్కేవాడు. వెనక్కి తిరిగి చూసేవాడే కాదు.

"నాకు ఈపున గూడా రెండు కండ్లుండాయి. అవి దువ్వెన్లమ్ముకుంటాయి," అని నవ్వేవాడు.

ఆ రోజు ఇంటి దగ్గరే ఆలస్యమైంది. సంతలో నేను కూర్చునే నీడను ఇంకో దువ్వెనలవాడు పట్టేస్తాడని నా గుబులు. సగం దారిలో లారీలు తగులుకున్నాయి. ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. కాసేపటికి మోత తగ్గింది. దుమ్ము మాత్రం గోడలా నిలబడి ఉంది.

"పచ్చ వచ్చెనా?" అన్నాడు తువాలులోంచి.

"వచ్చెన్నా. ఎక్కు."

"సూసినావా?"

"సూసినాలే, ఎక్కన్నా!"

ఎక్కాడు. దుమ్ములోంచి లారీ వచ్చింది. ఆయనే ఎలాగో పక్కకు దూకాడు. లారీ అంచు సైకిలుకు తగిలి తిత్తిని ఈడ్చుకుపోయింది. చక్రాల కింద అది నలిగిపోయింది. ఆయన మోకాలు రాయికి కొట్టుకుంది. లారీ ఆగలేదు. దాని వెనక పచ్చజెండా ఎగురుతూ పోవడం అప్పుడు చూశాను.

ఆయన్ను అటుగా వచ్చిన ఎద్దులబండిలో దగ్గరి టీ అంగడికి చేర్చి బల్ల మీద పడుకోబెట్టాం. జనం మూగారు.

"ఏమైందప్పా?" అని అంగడాయన నన్ను అడిగాడు.

"నేను ఆగమని సెప్తానే ఉండా. వినకుండా ఎక్కేసినాడు."

ఆ మాట అనడానికి నేను తడుముకోను కూడా లేదు.

"ఏం సాయిబూ, అంత తొందర యాల? సంతలో పెండ్లికూతురు కాసుకోనుండాదా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

అంతసేపూ నొప్పికి మూలుగుతున్న మనిషి మూలగడం మానేసి నన్ను చూశాడు. తర్వాత తువాలుతో మొహం కప్పుకున్నాడు. అక్కడ దుమ్మేమీ లేదు.

కాలు బాగయ్యేదాకా ఉండడానికి కుప్పంలో చెల్లెలింటికి పోయాడు. సంతలో ఆడవాళ్లు గిన్నెలు పట్టుకొచ్చి, "కళాయి సాయిబు యాడప్పా? నువ్వు సెప్పినా వినకుండా లారీ కింద పడబోయినాడంట గదా," అనేవాళ్లు. నా అబద్ధం నాకంటే ముందే సంతకు చేరింది. కొన్ని వారాలు తల ఊపి ఊరుకున్నాను. ఇప్పటికీ సిగ్గనిపించేది అలా తల ఊపినందుకే.

ఒక సంతరోజు టీ అంగడి దగ్గర దిగి, అందరూ ఉండగా చెప్పాను. "పచ్చజెండా నేను సూడలేదు. సూసినానని సెప్పి ఆయన్ని ఎక్కించినాను."

"ఇన్నాళ్లూ యాల మూసుకోనుంటివి? ఆయప్పని ఈడ అంతమందీ ఎగతాళి సేస్తిరి గదా," అన్నాడు అంగడాయన. ఆ పూట నాకు టీ ఇవ్వలేదు.

తోలుపనివాడి దగ్గర కొత్త తిత్తి కుట్టించుకుని, సైకిలు మీద కుప్పం పోయాను. ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. తిత్తి నొక్కి, కుట్టు దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"గాలి పోలేదు. బాగుండాది."

"టీ అంగట్లో సెప్పేసినానన్నా, తప్పు నాదేనని."

ఇంకోసారి తిత్తి నొక్కాడు. "సరేలే. నేను మాత్రం ఇంక నీ ముందర పోనప్పా."

"వద్దన్నా. నేను పోతా ముందర. నువ్వు ఎనక రా."

కొన్నాళ్లకు కాస్త కుంటుతూనే మదనపల్లెకు తిరిగి వచ్చాడు. మళ్లీ కలిసి సంతకు బయలుదేరిన మొదటి రోజే లారీలు వచ్చాయి. "దిగు," అని వెనక నుంచి కేక. దిగి, తువాలుతో మొహం కప్పుకున్నాను. లారీలు పోయాయి. మోత పోయింది. దుమ్ము కూడా అణిగిందని తెలుస్తూనే ఉంది. ఆయన ఏమీ అనలేదు. ఎండ నెత్తిన కాలుతోంది. సంతలో నా నీడ ఈపాటికి పోయే ఉంటుంది. అయినా నేను తువాలు తీయలేదు, తల తిప్పలేదు.

చాలాసేపటికి, "పచ్చ," అన్నాడు.

అప్పుడు ఎక్కాను.